పక్కింటి వేపచెట్టు నీడ మా డాబా మీద పడుతోంది, సోలార్ పెట్టించాలా వద్దా? (నల్లగొండ)

పోస్ట్ చేసినవారు: పానగల్లు బైపాస్

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి. ఇందులో సగం సోలార్ గొడవ, సగం పక్కింటి గొడవ. రెండిటినీ విడదీసి చెప్పడం నాకు చేతకాలేదు.

మాది నల్లగొండ టౌను. 180 గజాల్లో తూర్పు ముఖం ఇల్లు, కింద ఒక్క అంతస్తే, పైన ఖాళీ డాబా. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ. రెండేళ్ల కింద అమ్మ గదిలో ఒకటి, పిల్లల గదిలో ఒకటి ఏసీలు పెట్టించాం, అప్పటి నుంచి మొదలైంది అసలు కథ. చలికాలంలో 210 యూనిట్ల దగ్గర తిరిగే మీటరు మొన్న మే నెలలో 420 చూపించింది, బిల్లు మూడు వేలకు కొంచెం తక్కువ. 200 దాటితే మొదటి యూనిట్ నుంచే 5 రూపాయల 10 పైసలు, ఆపైన వందకు 7.70, 300 దాటితే 9 రూపాయలు, 400 దాటితే 9.50. నాగార్జునసాగర్ మన జిల్లాలోనే ఉంది, దామరచర్లలో 4,000 మెగావాట్ల థర్మల్ ప్లాంటు మన జిల్లాలోనే ఉంది, బిల్లు చూసి ఏసీ రిమోట్ బీరువాలో దాచుకునేది కూడా మనమే. సరే, అది వేరే కడుపుమంట.

సోలార్ పెట్టిద్దామని ఒకాయన్ని పిలిపించాను. 550 వాట్ల ప్యానెళ్లు ఆరు, అంటే 3.3 కిలోవాట్లు, మొత్తం 2,05,000 అన్నాడు. కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద 78,000 సబ్సిడీ మన ఖాతాలో పడుతుంది కాబట్టి చేతి నుంచి పడేది 1,27,000. అంతా బాగానే ఉంది. అప్పుడు ఆయన డాబా ఎక్కి దక్షిణం వైపు చూసి "ఆ చెట్టు తీయించండి సార్, అప్పుడు పెడతా, లేకపోతే యూనిట్లకు నా గ్యారంటీ లేదు" అని దిగిపోయాడు.

చెట్టు మాది కాదు. మా దక్షిణం పక్కింటి పెద్దమ్మది. మా డాబాకు సరిగ్గా నైరుతి మూలన, వాళ్ల కాంపౌండ్ లోపల, 35 అడుగుల వేపచెట్టు. ఇప్పుడు కార్తీకం కదా, రెండు కొట్టేసరికి నీడ మా డాబా మీదికి ఎక్కుతోంది, నాలుగింటికి సగం డాబా కప్పేస్తోంది. పెద్దమ్మ ఒక్కతే ఉంటుంది, కొడుకు హైదరాబాద్‌లో. పోయి అడిగాను. కొట్టించడానికి అయ్యే ఖర్చు నాది, పైన ఇంకో పదిహేను వేలు ఇస్తానని కూడా చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, లోపలికి పోయి తలుపేసుకుంది. తర్వాత మా అమ్మతో అన్నదట, ఆ చెట్టు మా ఆయన పెట్టింది, నేను పోయాక మీ ఇష్టం అని. చెట్టు కింద గద్దె కూడా ఉంది, ఏటా పోచమ్మకు బోనం అక్కడే పెడతారు.

ఆమెకు గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వస్తుంది లెండి, తెల్ల రేషన్‌కార్డు, వాడకం 200 యూనిట్ల లోపే. నా బాధ ఆమెకు ఎట్లా తెలుస్తుంది?

ఇప్పుడు నా ప్రశ్న. నీడ ఉన్నా పెట్టించేసుకోవచ్చా? చట్టప్రకారం ఏమైనా చేయొచ్చా? లేక 1,27,000 తీసుకెళ్లి చిట్టీలో వేసుకోవడమే నయమా?

—

మిర్యాల వైర్‌మన్:

తమ్మీ, నేను ఈ పని చేసేవాడినే, మీ వైపు కూడా కొన్ని బిగించాను. ముందు ఒక మాట, నీకు కొటేషన్ ఇచ్చినాయన అబద్ధం చెప్పలేదు కానీ తన పని తేలిక చేసుకున్నాడు. చెట్టు ఉంటే లెక్క వేయాలి, వైరింగ్ మార్చాలి, చెట్టు లేకపోతే అవేవీ అక్కర్లేదు.

నీడ ఎందుకు అంత ఇబ్బందో చెప్తా. ప్యానెళ్లన్నీ వరసగా ఒకదానికొకటి కలిపి ఇన్వర్టర్‌కు, అంటే ప్యానెల్ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టెకు తెస్తారు. పొలం కాలువలో ఒక్కచోట గడ్డి అడ్డం పడితే కింద మడులన్నిటికీ నీళ్లు తగ్గుతాయి చూడు, అట్లాగే ఒక ప్యానెల్ మీద నీడ పడితే ఆ వరసలో ఉన్న అన్నిటి కరెంటూ తగ్గాలి. అట్లా కాకుండా ప్రతి ప్యానెల్ వెనక డబ్బాలో మూడు బైపాస్ డయోడ్లు ఉంటాయి, నీడలో ఉన్న భాగాన్ని పక్కన పెట్టి మిగతాది పోనిస్తాయి. కాబట్టి ఒక కొమ్మ నీడకు మొత్తం ఆగిపోతుందని భయపడకు, కానీ మూడు నాలుగు ప్యానెళ్ల మీద గళ్లుగళ్లుగా ఆకుల నీడ పడితే మాత్రం దెబ్బ గట్టిగానే ఉంటుంది.

దారులు రెండు. ఒకటి, ప్యానెల్‌కు ఒక మైక్రో ఇన్వర్టర్, దేని కరెంటు దానిదే, నీడ పడ్డదే నష్టపోతుంది. ఖర్చు ఎక్కువ. రెండోది, రెండు ఎంపీపీటీలు (ఒక్కో ప్యానెళ్ల వరసను విడిగా నడిపే భాగాలు) ఉన్న ఇన్వర్టర్ తీసుకుని నీడ పడే మూడు ఒక వరస, పడని మూడు ఇంకో వరస. ఇందులో ఒక మెలిక ఉంది, మూడు ప్యానెళ్లు కలిపితే 120 వోల్టుల పైచిలుకు వస్తుంది, ఆ వోల్టేజీకి ఇన్వర్టర్ లేస్తుందా లేదా డేటాషీట్‌లో చూసుకోవాలి, కొన్ని లేవవు. ఇది అడిగితే తల గోక్కునే వాడి చేత పని చేయించుకోకు.

ఇప్పుడు అసలు పని. రేపు ఆదివారమే కదా. ముగ్గుపిండి తీసుకుని డాబా ఎక్కు. 10 గంటలకు, 12కు, 2కు, 3కు, 4కు నీడ ఎక్కడిదాకా వచ్చిందో గీత గీసి పక్కన టైము రాయి, ఫోటో తీసి ఇక్కడ పెట్టు. చెట్టు నీడ ఒక్కటే కాదు, పిట్టగోడ నీడ, ట్యాంకు నీడ అన్నీ గీయి. నీళ్ల ట్యాంకు ఎక్కడుంది మీకు?

ఇంకోటి, అందరూ తర్వాత నన్ను తిడతారు కాబట్టి ముందే చెప్తున్నా. ఇది గ్రిడ్‌కు కలిపే సిస్టమ్, వీధిలో కరెంటు పోతే ఎర్రటెండలో కూడా ఇది ఆగిపోతుంది. లైను మీద పనిచేసేవాడికి షాక్ కొట్టకుండా అట్లా తయారు చేస్తారు. బ్యాటరీ కావాలంటే వేరే లెక్క.

—

ముక్కుసూటి:

ఇంత ఆలోచన ఎందుకు బ్రో. కొమ్మలు నీ హద్దులోకి వస్తే నరికెయ్, అడిగేవాడు లేడు. మొదట్లో చిన్న రంధ్రం చేసి ఇంగువ పెడితే ఆర్నెల్లలో దానంతట అదే ఎండిపోతుంది, ఎవరికీ అనుమానం రాదు.

—

పాలమూరు లెక్కల సార్:

పైన ఇంగువ సలహా ఇచ్చిన బాబుకు: మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చెట్టుకు చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు కట్టి చుక్కచుక్కగా మందు ఎక్కించి బతికించుకున్న ఊరు మాది. నీ సలహా మా దగ్గర చెల్లదు.

చట్టం సంగతి అడిగారు కాబట్టి నాకు తెలిసినంత. మీ హద్దు దాటి వచ్చిన కొమ్మల్ని మీ వైపు నుంచి, మీ హద్దు వరకు తీసుకోవచ్చు, ముందు వాళ్లకు ఒక మాట చెప్పి. వాళ్ల కాంపౌండ్‌లోకి దిగి ఒక్క రెమ్మ ముట్టుకున్నా తప్పు మీదే. చెట్టు మొత్తం కొట్టాలంటే అది ఆమె సొంత చెట్టయినా వాల్టా చట్టం (నీళ్లు, నేల, చెట్ల రక్షణ చట్టం), 2002 నాటిది, దాని కింద అనుమతి తీసుకోవాలి. నా డాబా మీదికి ఎండ రావాలి, అది నా హక్కు అని కోర్టుకు పోదామనుకుంటే ఆ ఆశ వదిలేయండి, చెట్టు మీ సోలార్ కంటే ముందు నుంచీ ఉంది.

ఇక లెక్క. నేను రిటైరై నాలుగేళ్లయింది, ఇట్లాంటిది దొరికితే నాకు పండగే, విసుక్కోకుండా చదవండి.

నల్లగొండ 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. డిసెంబర్ చివర్లో నడి మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణం వైపు వాలి 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు అడుగు ఎత్తుకు 0.85 అడుగుల నీడ. మీ డాబా 11 అడుగులు అనుకుంటే చెట్టు డాబాకు పైన 24 అడుగులు, మధ్యాహ్నం నీడ 20 అడుగులు ఉత్తరానికి పడుతుంది. మూడింటికి సూర్యుడు 30 డిగ్రీలకు దిగుతాడు, నీడ అడుగుకు 1.7, అంటే 41 అడుగులు, ఈసారి ఈశాన్యం వైపు. చెట్టు నైరుతిలో ఉంది కాబట్టి మీ డాబాకు మూల నుంచి మూలకు. మీరు చూసినది నిజమే.

ఇప్పుడు ఎండాకాలం చూడండి. మే రెండో వారంలో సూర్యుడు మనకు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ రోజు మిట్టమధ్యాహ్నం నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. ఏప్రిల్ నుంచే సాయంత్రం ఎండ నేరుగా పడమటి నుంచి వస్తుంది, కాబట్టి చెట్టు నీడ తూర్పుకు పోతుంది. మీ డాబా మీదికి కాదు, పెద్దమ్మ ఇంటి మీదికి.

అంటే మీ ఏసీలు తిరిగే నెలల్లో ఆ చెట్టు మీ ప్యానెళ్ల జోలికి రాదు. నీడ పడేది నవంబర్, డిసెంబర్, జనవరి, కొంచెం ఫిబ్రవరి. ఆ నెలల్లో మీ వాడకం 210 అని మీరే రాశారు. ఆరు ప్యానెళ్లు మంచి ఎండలో రోజుకు 12 యూనిట్ల వరకు ఇస్తాయి, నీడ వల్ల మధ్యాహ్నం తర్వాత తగ్గి 8 అనుకుందాం. నెలకు 240. మీ 210కి అది చాలు! పోయే ఆ నాలుగు యూనిట్లు మీరు వాడుకునేవి కావు, గ్రిడ్‌కు అమ్మేవి. మిగులు యూనిట్లకు మనకు వచ్చే రేటు మనం కట్టే రేటులో పోలికే లేనంత తక్కువ. దానికోసమా పదిహేను వేలు ఇచ్చి చెట్టు కొట్టిస్తానన్నారు?

ఎండాకాలం లాభం ఇట్లా ఉంటుంది. 420 వాడితే 2,880 (ఫిక్స్‌డ్ చార్జీలు, డ్యూటీ కాకుండా). అందులో 360 సోలార్ ఇస్తే నెట్ 60 యూనిట్లు. మొదటి 50కి 1.95, మిగతా పదికి 3.10, మొత్తం 128 రూపాయల 50 పైసలు. మా ఇంట్లో రెండేళ్లుగా నెట్ యూనిట్లను బట్టే శ్లాబు రేటు పడుతోంది. సోలార్ లాభం అక్కడే ఉంది, అది తినేసేది పైనున్న తొమ్మిది రూపాయల యూనిట్లను. ఏడాదికి ఇరవై వేల చిల్లర మిగిలితే మీ డబ్బు ఆరేళ్లలో తిరిగొస్తుంది. చిట్టీ కంటే నయమే, అందులోనూ చిట్టీ పాడేవాళ్ల మొహాలు చూడక్కర్లేదు.

చివరగా ఒకటి, మీకు కోపం రావచ్చు. పెద్దమ్మకు జీరో బిల్లు వస్తుంది కాబట్టి బాధ తెలియదన్నారు. ఎందుకు జీరో వస్తుందో ఆలోచించారా? ఏప్రిల్, మే సాయంత్రాలు ఆమె పడమటి గోడ, పైకప్పు ఎండకు మాడకుండా అడ్డం నిలబడుతున్నది ఆ చెట్టు. గృహజ్యోతిలో 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. 201 యూనిట్లంటే 1,027 రూపాయల 70 పైసలు. మే నెలలో ఆమె మీటరు ఎంత చూపిస్తోందో ఒకసారి కనుక్కోండి.

—

పానగల్లు బైపాస్:

సార్, కోపం ఎందుకు వస్తుంది, సిగ్గే వచ్చింది. అమ్మను అడిగాను. పెద్దమ్మకు ఏసీ లేదు, కూలర్ ఒకటే, మే నెలలో 188 వచ్చిందట. ఆ నెల రీడింగ్ తీసే అబ్బాయి వచ్చేదాకా టెన్షన్ పడుతూ కూర్చుందట, 200 దాటిందేమోనని.

వైర్‌మన్ అన్నా, ముగ్గుపిండి పని చేశాను. అమ్మ కిందినుంచి "డాబా మీద ముగ్గులేంట్రా" అని ఒకటే అరుపులు. ఫోటోలు పెట్టాను చూడండి. ట్యాంకు అడిగారు, వాస్తు ప్రకారం నైరుతిలోనే కట్టించాం, నాలుగు పిల్లర్ల మీద, వెయ్యి లీటర్లది.

—

మిర్యాల వైర్‌మన్:

ఫోటోలు చూశాను. నవ్వొచ్చింది, ఏమనుకోకు. 12కు, 2కు గీసిన గీతల్లో ముదురుగా కనిపించేది చెట్టు నీడ కాదు తమ్మీ, నీ ట్యాంకు నీడ! వేప ఆకుల నీడ పల్చగా ఉంది, మధ్యమధ్యలో ఎండ దిగుతోంది. ట్యాంకు నీడ మాత్రం తారు పూసినట్టుంది. కొటేషన్‌లో ఆయన గీసిన బొమ్మ ప్రకారం రెండు ప్యానెళ్లు సరిగ్గా దాని కిందికే వస్తాయి. పక్కింటి చెట్టు కనిపించింది గానీ మన నెత్తి మీద ట్యాంకు కనిపించలేదు.

నీడ అన్నిటికంటే ఆలస్యంగా వచ్చే చోటు ఈశాన్యం మూల. మూడున్నర దాకా అక్కడ ఎండే. ఆరు ప్యానెళ్లూ అటు జరిపి పెట్టు, దక్షిణం వైపు 15 డిగ్రీల వాలు, స్ట్రక్చర్ ఆరేడడుగులు లేపితే పిట్టగోడ నీడ పోతుంది, చెట్టు నీడ కూడా ఇంకొంత వెనక్కి జరుగుతుంది. మరీ ఎత్తు వద్దు, ఏప్రిల్‌లో గాలిదుమారం లేస్తే రేకులే ఎగిరిపోతున్నాయి మన దగ్గర. బేస్ ప్లేట్లు స్లాబులోకి బిగిస్తాడా, సిమెంటు దిమ్మెల మీద నిలబెడతాడా అడుగు.

—

పానగల్లు బైపాస్:

అన్నా, ఈశాన్యంలో బరువు పెట్టకూడదని అమ్మ. మొత్తం ప్లాన్ విని ఇంకేమీ అనలేదు, ఆ ఒక్క మాట పట్టుకుంది. అది పల్లంగా, ఖాళీగా ఉండాలట. ట్యాంకేమో నైరుతిలోనే ఉండాలట. అంటే వాస్తు ప్రకారం ఎండ ఉన్నచోట ప్యానెల్ పెట్టొద్దు, పెట్టొచ్చన్న చోట ఎండ ఉండదు.

—

కొల్లాపూర్ తోట:

నేను మీ పెద్దమ్మ పక్షం మనిషిని, ముందే చెప్తున్నా. మా పెరట్లో బేనిషాన్ మామిడి ఉంది, మా అత్తగారు పెట్టింది. ఉత్తరం పక్కింటి అబ్బాయి పోయినేడాది సోలార్ పెట్టించాడు, అదే గొడవ, మీ చెట్టు మా ఎండ తింటోంది అని. అందుకే మీ పోస్టులో ఆ పదిహేను వేల మాట దగ్గర నాకు మనసు చివుక్కుమంది. మీరు మంచిగానే అడిగి ఉంటారు, కానీ మా ఆయన పెట్టిన చెట్టు అనుకునే మనిషికి ముందు డబ్బు చూపిస్తే అది చెట్టుకు కట్టిన వెలలాగా ఉండదు, ఆయనకు కట్టినట్టు ఉంటుంది.

మా దగ్గర ఎట్లా తెమిలిందంటే, ఆ అబ్బాయి వాళ్లమ్మ వచ్చి కూర్చుంది. చెట్టు కొట్టమని అడగలేదు. మీరు కొమ్మలు ఎప్పుడు తీయిస్తారు అని అడిగింది, అంతే. మామిడికి కాయ దించాక జూన్, జులైలో తీయించాలి, డిసెంబర్‌లో ముట్టుకుంటే పూత పోతుంది. వాళ్లకు నీడ ఇబ్బంది డిసెంబర్‌లో, మాకు కత్తెర పడాల్సింది జూన్‌లో. ఇప్పుడు జూన్‌లోనే ఉత్తరం వైపు పైకొమ్మలు ఒక వరస ఎక్కువ తీయిస్తున్నాం, మనిషి కూలి వాళ్లిస్తారు, కట్టె మేం ఉంచుకుంటాం. చెట్టుకు గాలి, వెలుతురు తగిలి ఈ ఏడు కాయ కూడా బాగానే పట్టింది. వాళ్లకు రెండు బుట్టలు పంపాను, ఎండ తిన్నందుకు.

వేప సంగతి వేరు. అది మాఘం, ఫాల్గుణంలో ఆకు రాల్చి ఉగాదికి మళ్లీ చిగురు, పూత వేస్తుంది. తీయించేదుంటే ఆకు రాలే ఆ నెల్లోనే, చిగురు రాకముందు, అదీ మీ వైపు వాలిన పైకొమ్మలు రెండో మూడో. మొదలంటా మోడు చేయకండి. వానాకాలంలో అసలు కోయించవద్దు, నాలుగైదేళ్లుగా వేపచెట్లు కొసల నుంచి ఎండిపోయే తెగులు అందరూ చూస్తూనే ఉన్నారు, తడిలో కోసిన గాయానికి అట్లాంటివి తేలిగ్గా పడతాయి. రంపం కడిగి వాడాలి, కోసిన చోట బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయాలి. ఈ చలికాలానికి మాత్రం మీరు నీడ భరించాల్సిందే. సార్ లెక్క ప్రకారం భరించగలరు కూడా.

మీ అమ్మగారి ఈశాన్యం సంగతికి నా దగ్గర మందు లేదు. మా అత్తగారు ఉంటే అడిగేదాన్ని.

—

దేవరకొండ రాళ్లు:

ఎవరూ కోతుల గురించి మాట్లాడట్లేదేంటి? చెట్టు కొమ్మ డాబాకు నాలుగడుగుల దూరంలో ఉంటే అది కోతులకు రోడ్డు. మా ఇంట్లో ప్యానెల్ మీద కూర్చుని పేలు చూసుకుంటాయి, వైర్లు లాగుతాయి. ఒకసారి కనెక్టర్ ఊడబీకాయి, నాలుగు రోజులు ఉత్పత్తి సున్నా, నేను ఫోన్‌లో యాప్ చూసుకోక తెలియలేదు. వైర్లన్నీ పైపుల్లోంచి లాగించండి, ఒక్కటి కూడా వేలాడకూడదు.

ఇంకో సంగతి, ప్యానెళ్లు బోరు నీళ్లతో కడగకండి. మన జిల్లా బోరు నీళ్ల సంగతి తెలిసిందే కదా, ఆరిన తర్వాత తెల్లగా పేరుకుంటుంది, ఏడాది అయితే గీకినా పోదు. మేం మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఒక డ్రమ్ము పక్కన పెట్టుకుంటాం. పొద్దున్నే, గాజు చల్లగా ఉన్నప్పుడు మెత్తటి గుడ్డతో. మధ్యాహ్నం కాలిన గాజు మీద చన్నీళ్లు పోయొద్దు. వేప కిందైతే పిట్టల రెట్టలు ఎక్కువ, అది కూడా చిన్న నీడే.

—

ముక్కుసూటి:

సరే సార్, ఇంగువ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒక డౌటు, కొండారెడ్డిపల్లిలో ఇంటింటికీ మూడు కిలోవాట్లు పెట్టారు కదా, అక్కడ చెట్లు లేవా?

—

పాలమూరు లెక్కల సార్:

ఉన్నాయి బాబూ. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సొంతూరు కాబట్టి నీడ పడదనుకున్నావా? అక్కడా ఏ డాబాకు ఆ డాబా చూసుకుని పెట్టాల్సిందే.

బైపాస్ గారూ, ఒకటి మర్చిపోయాను. సబ్సిడీ కావాలంటే ప్యానెళ్లు డీసీఆర్‌వి, అంటే సెల్లుతో సహా మన దేశంలో తయారైనవే ఉండాలి. కొటేషన్‌లో ఆ మాట రాయించుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5కు తగ్గింది. మీ 2,05,000 అంతకుముందు వేసిన లెక్క అయితే మళ్లీ వేయించండి.

—

పానగల్లు బైపాస్ (పన్నెండు రోజుల తర్వాత):

ఎవరికైనా పనికొస్తుందని ఏమైందో రాస్తున్నా.

నేను పోలేదు, అమ్మను పంపించాను. అదీ కొల్లాపూర్ అక్క మాట విని. ఇద్దరూ గద్దె మీద కూర్చుని గంటన్నర మాట్లాడుకున్నారు, అందులో సోలార్ మాట ఎంతసేపో నాకు తెలియదు. తిరిగొచ్చి అమ్మ చెప్పింది ఇదీ: మా వైపు వాలిన పెద్దకొమ్మలు రెండు ఫిబ్రవరిలో తీయిస్తుందట, ఎట్లాగూ గాలికి తన రేకుల మీద పడతాయేమోనని ఆమెకూ భయమేనట. మనిషిని నేను మాట్లాడాలి, డబ్బు నేనే ఇవ్వాలి, కానీ డబ్బు ఆమె ముందు ఇవ్వకూడదు. పండక్కి కొడుకు వచ్చాక ఆయనకు కూడా ఒక మాట చెప్పాలి.

దీనికి బదులుగా ఆమె ఒకటి అడిగింది. పోయిన ఎండాకాలం కూలర్ మోటరు పాడైందట, ఎవరికి చెప్పాలో తెలియక నెల రోజులు ఫ్యాన్ కిందే పడుకుందట. అది బాగు చేయించాలి. పక్కనే ఉండి నాకు తెలియలేదు. మే నెలలో 188 ఎట్లా వచ్చిందో కూడా అప్పుడు అర్థమైంది. కూలర్ లేకుండానే 188 అంటే, కూలర్ తిరిగితే ఈసారి 200 దాటుతుందేమో సార్? ఇంట్లో ఇంకా పాత ట్యూబులైట్లు, గుండు బల్బులే ఉన్నాయి, ఎల్‌ఈడీలు మార్చి, పాత ఫ్యాన్లు రెండు తీసి తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీవి పెడితే సరిపోతుందా? పాత ఫ్యాన్ 75 వాట్లు, ఇది 30 అంటున్నారు.

కొత్త కొటేషన్ వేరే ఆయన దగ్గర తీసుకున్నాను, 1,94,000, డీసీఆర్ అని కాగితం మీద రాసిచ్చాడు. రెండు ఎంపీపీటీల ఇన్వర్టర్, 120 వోల్టులకు లేస్తుందా అని అడిగితే "మీరు కూడా ఇదే లైనులో ఉన్నారా సార్" అన్నాడు. వైర్‌మన్ అన్నా, ఆ క్రెడిట్ నీదే.

ఈశాన్యం పంచాయితీ ఇట్లా తేలింది. అమ్మ వాళ్ల సిద్ధాంతిని అడిగింది, ఆయన స్లాబు మీద నేరుగా బరువు పెట్టకుండా స్తంభాల మీద పైకి లేపితే దోషం లేదన్నాడట. మన ఆరేడడుగుల స్ట్రక్చరే ఆయన చెప్పింది. ఆయనకు ఎవరు ఫోన్ చేసి చెప్పారో నేను అడగలేదు, మా ఆవిడ నవ్వుతోంది.

ఇక మిగిలింది ట్యాంకు. ఇప్పుడు పిల్లర్లతో కలిపి డాబా మీద తొమ్మిదడుగుల ఎత్తుంది. నైరుతిలోనే ఉంచి నాలుగడుగులు దించితే నీడ ప్యానెళ్లకు అందదు, కానీ అప్పుడు బాత్‌రూమ్ షవర్‌లో ప్రెజర్ తగ్గుతుందని ప్లంబర్ అంటున్నాడు. ఎవరైనా ఇట్లా దించుకున్నవాళ్లు ఉన్నారా?

—

దేవరకొండ రాళ్లు:

మేం మూడడుగులు దించాం. షవర్ పోయింది, బకెట్ వచ్చింది. కోతులకు మాత్రం ట్యాంకు మూత ఇంకా దగ్గరైంది, దాని మీద పెద్ద బండ పెట్టుకోండి.